కొండ కదులుతుందా టీచర్?

పిల్లలు ఆమెను గుడ్డు టీచర్ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆమెకు తెలుసు. తెలిసినా తెలియనట్టే ఉండేది.

ఏటా బడి తెరిచిన కొత్తల్లో, భూమి లోపలి పొరల పాఠం వచ్చే రోజున, ఆమె డబ్బాలో ఒక ఉడికించిన గుడ్డు పెట్టుకుని వచ్చేది. పెంకు ఒలవకుండానే చాకుతో నిలువునా రెండు చెక్కలు చేసి, చెయ్యి పైకెత్తి అందరికీ చూపించేది.

"ఇదిగో, ఈ పెంకు ఉందే, దీని మీదే మనం ఉన్నాం. ఇళ్ళు, రోడ్లు, కొండలు, సముద్రాలు అన్నీ ఈ కాస్త పెంకు మీదే. తెల్లసొన మధ్యపొర. పచ్చసొన నడిగర్భం."

"పాఠం అయ్యాక గుడ్డు ఎవరికి టీచర్?" అని వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు అడక్క మానడు. క్లాసంతా గొల్లుమనేది.

నిజానికి ఆమె చదివింది లెక్కలు. ఉద్యోగంలో చేరిన ఏడాది భూగోళం చెప్పే మాస్టారు మంచాన పడ్డాడు. "నాలుగు రోజులు చూసుకో అమ్మా, ఎవరో ఒకరు చెప్పాలి కదా" అని హెడ్మాస్టరు పుస్తకం చేతిలో పెట్టాడు. ఆ నాలుగు రోజులు ఆమె ఉద్యోగమంత పొడుగయ్యాయి. మొదట్లో మొహం చిట్లించుకుని చదివింది. తర్వాత తెలియకుండానే ఆ పిచ్చిలో పడింది. రోడ్డు వెయ్యడానికి కొండను కోసిన చోట బస్సు మలుపు తిరుగుతుంటే, కిటికీలోంచి తల బయటపెట్టి రాతి చారలు చూసేది. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే ఆమె భర్త, "ఆడవాళ్ళు చీరల కొట్టు వైపు చూస్తారు, మా ఆవిడ కొండరాళ్ళ వైపు చూస్తుంది" అని స్నేహితులతో నవ్వేవాడు.

పిల్లల ప్రశ్నలంటే ఆమెకు ప్రాణం. నడిగర్భం దాకా ఎవరైనా వెళ్ళి చూశారా టీచర్? వెళ్ళలేదు, భూకంపం వచ్చినప్పుడు ఆ అదురు ఎటునుంచి ఎటు ఎంతసేపట్లో పోయిందో చూసి కనిపెట్టారు, పుచ్చకాయను తట్టి పండిందో లేదో చెప్పరూ, అలాగే. ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుందా? వెళ్ళదు, భూమి కాస్త ఒరిగి తిరుగుతుంది, మన వైపు సూర్యుడి దిక్కుకు ఒరిగినప్పుడు మనకు ఎండాకాలం. నదులన్నీ తియ్యగా ఉంటే సముద్రం ఒక్కటే ఉప్పగా ఎందుకుంది? నదుల్లోనూ ఉప్పుంది, నాలుకకు తెలియనంత. రాళ్ళను కడిగి తెచ్చి సముద్రంలో పోస్తాయి. సూర్యుడు నీళ్ళు మాత్రం పట్టుకుపోతాడు, ఉప్పు అక్కడే వదిలేస్తాడు.

ఏళ్ళ తరబడి అవే ప్రశ్నలు. అందువల్ల ఆమెకో అలవాటైంది. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు ఆమె నాలుక మీదికి వచ్చేసేది. పిల్లవాడు "టీచర్, సముద్రం..." అంటే చాలు, మిగతాది ఆమే పూర్తిచేసి జవాబు కూడా చెప్పేసేది. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన అది చూసి ముచ్చటపడి, "మీ దగ్గర పిల్లలు అడగడం ఆలస్యం, జవాబు సిద్ధం" అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మాట ఆమెకు చాలా కాలం తీపిగా ఉండింది. తర్వాత్తర్వాత అదే మాట గుర్తొస్తే తల వంచుకునేది.

పుస్తకంలో చిట్టచివరి పాఠం కొండచరియలు విరిగిపడటం గురించి. అది పరీక్షలో వచ్చిన దాఖలా లేదు. అక్కడికి చేరేసరికి ఏడాది అయిపోవచ్చేది. "అది మీరే చదువుకోండి, అంత ముఖ్యం కాదు" అని ఆమె పుస్తకం మూసేసేది. బడి ఉన్నది కొండ అడుగునే. కిటికీలోంచి చూస్తే పైన వాలులో మెట్లు మెట్లుగా కోసి కట్టుకున్న ఇళ్ళు కనిపించేవి. పిల్లల్లో సగం మంది అక్కడి నుంచే దిగి వచ్చేవారు. అయినా ఆ పాఠానికీ ఆ కిటికీకీ చుట్టరికం ఉందని ఆమెకు తట్టలేదు.

ఆ ఇళ్ళ నుంచి వచ్చే ఒక పిల్లను అందరూ ఇంకోటి అని పిలిచేవారు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరూ వాడేవారు కాదు. ఏ ప్రశ్న అడిగినా, జవాబు విన్నాక "టీచర్, ఇంకోటి" అనేది. దాంతో క్లాసు ఆ పేరు ఖాయం చేసింది. తండ్రి వడ్రంగి. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఆ పిల్ల, తండ్రి, నాయనమ్మ. జడలో ఎప్పుడూ రంపపు పొట్టు చిక్కుకుని ఉండేది.

ఆ ఏడు వానలు ముందుగా పట్టుకున్నాయి. ఖండాలు కదిలే పాఠం జరుగుతోంది. ఆమె పటాన్ని ముక్కలుగా కత్తిరించి, పగిలిన పళ్ళేన్ని అతికించినట్టు బల్ల మీద ఒకదానికొకటి చేర్చి చూపించింది.

"ఎంత జోరుగా కదులుతాయి టీచర్?" అన్నారెవరో.

"మీ వేలి గోరు పెరిగినంత."

క్లాసంతా తమ గోళ్ళకేసి చూసుకున్నారు. ఆమెకు ఏడాది మొత్తంలో బాగా ఇష్టమైన క్షణం అదే. అంతలో ఇంకోటి లేచి నిలబడింది.

"టీచర్, కొండ కదులుతుందా? మా కొండ?"

"కదలకేం! నేలంతా కదులుతుంటే కొండ మాత్రం ఊరుకుంటుందా? గోరు పెరిగినంత నెమ్మదిగా అదీ కదులుతుంది."

"అంటే టీచర్, మా ఇంటి తలుపు..."

"ఇల్లూ తలుపూ అన్నీ కలిసే కదులుతాయి. పడవలో కూర్చున్నవాళ్ళు పడవతోపాటే పోతారు చూడు, అలాగన్నమాట. అందుకే మనకు తెలియదు. భయపడాల్సిందేం లేదు. కూర్చో."

ఆ పిల్ల వెంటనే కూర్చోలేదు. ఏదో అనబోయినట్టు కాసేపు అలాగే నిలబడింది. గంట కొట్టారు. పిల్లలు సంచులు సర్దుకునే హడావిడిలో ఆమె పటం ముక్కలు ఏరుకుంది. ఇవాళ పాఠం బాగా కుదిరిందనుకుంటూ స్టాఫ్ రూముకు వెళ్ళి టీ తాగింది.

వాన వదల్లేదు. తెరిపి ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ పట్టుకునేది. అలాంటి ఒక ముసురు పొద్దున, ఆమె నల్లబల్ల వైపు తిరిగి ఏదో రాస్తుండగా, పెద్ద లారీలోంచి కంకర దింపుతున్నట్టు చప్పుడైంది. చప్పుడు ఆగితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. అది ఆగలేదు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. పిల్లలు కిటికీ దగ్గరికి పరిగెత్తారు. పచ్చగా ఉండాల్సిన వాలులో పైనుంచి కింది దాకా ఎర్రటి మట్టి చార. మధ్యలో ఇళ్ళు లేవు.

"అది మా వరస" అంది ఇంకోటి. ఏడవలేదు. పుస్తకాలు సంచిలో పెట్టుకుని, ఇంటికి వెళ్ళే వేళ అయినట్టు గుమ్మం వైపు నడిచింది. టీచర్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తనూ వెంట నడిచింది. దారంతా పిల్ల ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

నాయనమ్మ పోయింది. తండ్రి ఇంటి పక్కన రేకుల కింద పనిచేసుకుంటూ మట్టిలో కూరుకుపోతే చుట్టుపక్కలవాళ్ళు తవ్వి తీశారు. ప్రాణం దక్కింది కానీ కుడిచెయ్యి నుజ్జయింది. ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు.

ఆ వారమంతా ఊళ్ళో ఎక్కడ చూసినా అదే మాట. పై వరసల్లో ఉండేవాళ్ళు బడి వరండాలో తలదాచుకున్నారు. వాళ్ళకు నీళ్ళు అందిస్తుంటే వాళ్ళ మాటలు ఆమె చెవిన పడేవి.

"మా గోడ నెర్రె ఎప్పటి నుంచో ఉంది. సున్నం పూశాం, మళ్ళీ విచ్చుకుంది."

"మా పెరట్లో ఊట పుట్టింది కదా, నీళ్ళు మోసే బాధ తప్పిందని సంబరపడ్డాను."

"వడ్రంగి ఇంటి తలుపు చూళ్ళేదూ? పాపం, ఎన్నిసార్లు చిత్రిక పట్టాడో. పొద్దున సరిచేస్తే సాయంత్రానికి మళ్ళీ పట్టేసేది."

బిందె ఆమె చేతిలోనే ఉండిపోయింది. తలుపు. మా ఇంటి తలుపు, అంది ఆ పిల్ల. ఆ రోజు తరగతిలో అడిగింది ఖండాల గురించి కాదు. గోడలు నెర్రెలివ్వడం, తలుపులు బిగుసుకోవడం, లేని చోట ఊట పుట్టడం, స్తంభాలు ఒరగడం. కొండ జారబోయే ముందు కనిపించే గుర్తులని ఇవన్నీ వరసగా రాసి ఉన్నాయి, పుస్తకంలో, ఆ చివరి పాఠంలో. ఆమెకు కంఠతా వచ్చు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి భర్తతో చెప్పింది. అతను చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయాడు.

"నీకెలా తెలుస్తుంది? చిన్నపిల్ల, సగం మాట అంది" అన్నాడు.

"సగం మాట అనలేదండీ. సగంలో ఆపాను."

ఆ పూట వంట అతనే చేశాడు.

వడ్రంగిని ఆసుపత్రి నుంచి పంపేశాక, తండ్రీకూతుళ్ళకు బజారు వెనక ఒక గిడ్డంగి మేడ మీద గది ఇచ్చారని తెలిసింది. పళ్ళు కొనుక్కుని వెళ్ళింది. గదిలో ఒక మంచం, కుర్చీ, పొయ్యి, తాడు మీద ఆరేసిన బట్టలు. పిల్ల తండ్రికి చొక్కా గుండీలు పెడుతోంది. టీచర్‌ను చూసి లేచి నిలబడింది.

"రండమ్మా, రండి" అని వడ్రంగి హడావిడి పడ్డాడు. కుర్చీ లాగబోయి, లేని చెయ్యి చాచి, నవ్వేశాడు. "ఇంకా అలవాటు కాలేదు. దీనికి మీరంటే ఎంత ఇదో! ఇంటికొస్తే మీ మాటలే. గుడ్డు కథ నాకూ చెప్పింది."

ఆమె కూర్చుంది. ఏదో మాట్లాడాలి కనక, బడికి ఎప్పుడు పంపిస్తారని అడిగింది.

"పంపాలమ్మా. నా పని కాస్త చక్కబడనివ్వండి." అతను తలూపుతూ అన్నాడు. "ఏం చేస్తాం, రాత. అసలు నాకే ఒకసారి అనుమానం వచ్చింది, ఈ తలుపు ఇలా మొండికేస్తోందేమిటా అని. కర్ర ఉబ్బితే ఎంత ఉబ్బుతుందో నాకు తెలియదా? కింద వీధిలో ఒక వాటా ఖాళీగా ఉంటే చూసి కూడా వచ్చాను, అమ్మను తీసుకుని దిగిపోదామని. అదిగో, అప్పుడే ఇది బడి నుంచి వచ్చి చెప్పింది. నాన్నా, టీచర్‌ని అడిగాను, కొండ కదలడం మామూలేనట, గోరు పెరిగినంత నెమ్మదట, భయం లేదట అని. పోన్లే, చదువుకున్నావిడ చెప్పింది కదా అని నిశ్చింతగా ఉండిపోయాం."

నిష్ఠూరం ఒక్క వీసమైనా లేదు ఆ గొంతులో. తమ ధైర్యానికి ఆమెనే కారణంగా చెప్పి, మర్యాద చేస్తున్నాననుకున్నాడు.

ఆమె, "నేను చెప్పింది ఆ కదలిక కాదండీ" అంది.

"అంటే? కొండ కదలడాలు ఎన్ని రకాలమ్మా?"

ఆమె చెప్పింది. ఇన్నేళ్ళుగా దాటేసిన పాఠం, చుట్టూ ఆరేసిన బట్టల మధ్య కూర్చుని, ఆ తండ్రికీ కూతురికీ. ఖండాల కదలిక వేరు, దానికి మనిషి ఆయుష్షు చాలదు. వాలు మీద మట్టి జారడం వేరు. ఇళ్ళ కోసం కొండను కోస్తే పైమట్టికి ఆనిక పోతుంది. వాననీరు ఇంకి బరువెక్కుతుంది. అడుగున రాతికీ మట్టికీ మధ్య తడి చేరితే పట్టు సడలుతుంది. ముందు కొద్దికొద్దిగా జరుగుతుంది. అప్పుడే తలుపులు పట్టేస్తాయి.

వడ్రంగి శ్రద్ధగా విన్నాడు. వింటూ వింటూ ఉండగా అతని మొహంలో నవ్వు ఆరిపోయింది. అర్థమైంది.

"మరి ఈ సంగతి ముందే..." అని ఆగి, కూతురి వైపు తిరిగాడు. "నువ్వు తలుపు మాట చెప్పలేదా టీచర్‌కి?"

పిల్ల తల దించుకుని, చొక్కా అంచు నలుపుతూ అంది. "నాకు సరిగ్గా అడగడం చేతకాలేదు నాన్నా."

కాదు అనాలి ఆమె. అప్పటికప్పుడే అనాలి. నువ్వు అడిగావు, నేనే వినలేదు. అంతే మాట. పెదవుల దాకా వచ్చింది. అంతలో కింద గిడ్డంగివాడు వడ్రంగిని కేకేశాడు, ఏదో కాగితం మీద వేలిముద్ర కావాలని. అతను లేచాడు, పిల్ల అతన్ని పట్టుకుని మెట్లు దింపడానికి వెళ్ళింది. ఆమె ఒక్కతే గదిలో మిగిలింది. కళ్ళు తుడుచుకుంది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి మనసు కుదుటపరచుకుని మామూలు మాటలు మాట్లాడి, మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేసింది. వాళ్ళిద్దరి ముందూ చెప్పాల్సిన మాటను, కాస్త గుండె చిక్కబట్టుకుని మరోసారి వచ్చి చెబుదామనుకుంది.

పరీక్షలు వచ్చిపడ్డాయి. ఇవాళ రేపు అనుకుంది. తీరా వెళ్ళేసరికి ఆ గదిలో ఉల్లిపాయ బస్తాలు ఉన్నాయి. వడ్రంగి బావమరిది వచ్చి, వాళ్ళను ఏదో దూరపు ఊరు తీసుకుపోయాడన్నారు. ఏ ఊరో గిడ్డంగివాడికి గుర్తులేదు.

ఆ తర్వాత ఆమె పాఠం చెప్పే తీరు మారింది. చివరి పాఠం మొదటికొచ్చింది. వానలకు ముందే పిల్లలను వెంటబెట్టుకుని వాలు మీదికి వెళ్ళి, ఒరిగిన స్తంభాలనూ గోడల బీటలనూ చూపించేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేది కాదు ముందు. "ఎక్కడ చూశావు? ఎందుకనిపించింది?" అని ఎదురడిగేది. పిల్లలకు విసుగొచ్చేది. "తెలిస్తే చెప్పొచ్చు కదా టీచర్" అనేవారు. పుస్తకం ఏ ఏడూ పూర్తయ్యేది కాదు. హెడ్మాస్టరు రెండుమూడుసార్లు పిలిచి గొణిగాడు. ఒకసారి ఒక పిల్లాడు మా గోడకు నెర్రె వచ్చిందంటే, క్లాసు వదిలేసి, వాన నెత్తిన పడుతుంటే వాడి ఇంటికి వెళ్ళింది. తీరా చూస్తే వాడి అన్న బంతితో కొట్టి పెచ్చు ఊడగొట్టాడు. వీధంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, దారిలో ఒక అరుగు మీద కూర్చుండిపోయింది.

రిటైరైన చాలా రోజులకు, పాత విద్యార్థిని ఒకావిడ బజార్లో కనిపించి ఇంకోటి సంగతి చెప్పింది. నది ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతోందట. పెళ్ళయిందట.

"వెళ్దువుగాని, నేను బస్సు ఎక్కిస్తాను" అన్నాడు భర్త. "ఇంతకీ వెళ్ళి ఏం చెబుతావు?"

"తను సరిగ్గానే అడిగిందని."

"ఆ ఒక్క మాటకు అంత దూరమా?"

"ఆ ఒక్క మాటకే."

దుకాణం చిన్నది. గోడ నిండా ఫ్రేములు. కౌంటర్ వెనక ఉన్న మనిషి చిన్న స్క్రూ డ్రైవర్‌తో ఎవరిదో కళ్ళజోడు బిగిస్తోంది. తలెత్తి చూసి, ఒక్క క్షణం తటపటాయించి, "టీచర్!" అని లేచింది. టీ తెప్పించింది. భర్త ఏం చేస్తాడో, దుకాణం ఎలా మొదలైందో చెప్పింది. మధ్యలో నర్సు ట్రైనింగుకు వెళ్ళి మానేశానంది.

"ఎందుకమ్మా మానేశావు?"

"అక్కడ అర్థం కానిది అడగాలి కదా టీచర్. చెయ్యెత్తబోతే వణుకొచ్చేది. తప్పుగా అడిగితే ఎవరికేమవుతుందో అని." మామూలుగానే అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "ఇక్కడైతే హాయి. వచ్చినవాళ్ళే అడుగుతారు, నేను చూపిస్తాను."

అప్పుడు చెప్పింది ఆమె. ఏ అలంకారమూ లేకుండా, ఎన్నాళ్ళుగానో మనసులో అనుకుంటూ వచ్చిన మాటలే. "ఆ రోజు నువ్వు సరిగ్గానే అడిగావు. నేనే పూర్తిగా అడగనివ్వలేదు. తప్పు నాదమ్మా. నీది కాదు."

స్క్రూ డ్రైవర్ ఆగింది. ఇంతలో ఒక ముసలాయన అద్దం వదులైందని వచ్చాడు. ఇంకోటి ఆయనకు బిగించి ఇచ్చి, పెట్టుకుని చూపించమని, చెవి వెనక సరిచేసి పంపింది. తిరిగి కూర్చుంది. సగంలో ఆపిన కళ్ళజోడు చేతిలోకి తీసుకుంది.

"ఈ మాట నాన్న ఉండగా వచ్చి అనుంటే బాగుండేది టీచర్" అంది చివరికి. "కిందటేడు పోయాడు. అప్పుడప్పుడూ అడుగుతుండేవాడు, తలుపు సంగతి ఎందుకు చెప్పలేకపోయావే అని. కోప్పడి కాదు, ఊరికే. నాయనమ్మ గుర్తొచ్చినప్పుడు."

"వెతకాల్సింది. నేను వెతకలేదు" అంది ఆమె.

"పోనివ్వండి టీచర్. మీరేం చేస్తారు?" అంటూ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిలో ఆప్యాయత ఉంది. కానీ ఓదార్చాల్సింది ఎవరు, ఓదార్పు అందుకుంటున్నది ఎవరు అని ఆమెకు ప్రాణం చచ్చిపోయింది.

దుకాణానికి తాళం వేసి, ఇంకోటి ఆమెను బస్టాండు దాకా దిగబెట్టింది. నది పక్కనే దారి. గట్టు కొత్తగా తెగి, ఇసుకా మట్టీ చారలు చారలుగా కనిపిస్తున్నాయి. ఇంకోటి అటు చూసింది. ఏదో అడుగుతుందేమోనని టీచర్ అడుగు నెమ్మది చేసింది, నోరు కదపకుండా. ఇంకోటి ఏమీ అడగలేదు. బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, నీళ్ళ సీసా చేతికిచ్చి, "జాగ్రత్త టీచర్, మళ్ళీ రండి" అని దిగిపోయింది.